చలికాలపు పరుగు, అర్ధరాత్రి ఆట

విజయవాడ పటమట నుంచి ఉత్తరం రాసిన ఈ పాఠకుడికి నలభై నాలుగేళ్లు. ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక దుకాణంలో లెక్కలు చూస్తారు. భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు ఉన్నారు. కొన్నేళ్లపాటు ఆయనా, ఆయన అన్నయ్యా తెల్లవారకముందే బండి మీద కృష్ణ ఒడ్డుకు వెళ్లి, ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తి, తిరుగుదారిలో టీ తాగి ఇంటికి చేరుకునేవారు. పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, యాభై ఒక్కేళ్ల అన్నయ్య రాత్రి నిద్రలోనే గుండెపోటుతో పోయారు. ఆ రోజు పొద్దున కూడా ఇద్దరూ కలిసే పరుగెత్తారట. "మంచు బాగా పడుతోంది, ఇవాళ వద్దులేరా అన్నాడు. నేనే దుప్పటి లాగి లేపి తీసుకెళ్లాను" అని ఆయన రాశారు. ఆ తర్వాత పరుగు ఆగిపోయింది. ఈ కార్తీకం వెళ్లాక మళ్లీ మొదలుపెడదామని ఒకటి రెండు సార్లు బ్యారేజీ దాకా వెళ్లారు కానీ, పది నిమిషాలు గడవకముందే ఛాతీ బిగుసుకుపోయి, చేతులు వణికి, వెనక్కి వచ్చేశారు. చలిగాలి మీకు పడదని భార్య అంటున్నారు. టొరంటోలో చదువుకుంటున్న అన్నయ్య కొడుకేమో, తాను సున్నాకు దిగువన ఉండే చలిలో పరుగెత్తుతున్నాననీ, "మన బెజవాడది కూడా ఒక చలేనా బాబాయ్" అనీ నవ్వి, వంటికి పట్టి ఉండే థర్మల్ దుస్తుల జత ఒకటి ఎవరిచేతనో పంపించాడు.

ఆ అబ్బాయే ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో "స్పిరిట్‌ఫేరర్" అనే వీడియో గేమ్ కూడా పెట్టించాడు. చనిపోయినవారిని పడవ మీద ఎక్కించుకుని, వారికి ఇష్టమైనవి వండిపెట్టి, వారు సిద్ధపడ్డాక చివరి తలుపు దాకా చేర్చి రావడం ఆ ఆటలోని పని. అందరూ పడుకున్నాక పదకొండున్నరకు మొదలుపెడితే ఒంటిగంట, ఒకటిన్నర అవుతోందట. అందులో అతుల్ అనే కప్ప రూపంలో ఉన్న బాబాయి, తిండి ప్రియుడు, ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా పడవ మీద నుంచి మాయమైపోయినప్పుడు ఈయన భోరున ఏడ్చారు. లేచి వచ్చిన భార్య తెర ముందు ఏడుస్తున్న భర్తను చూసి, మర్నాడు బ్యాంకు పాస్‌బుక్ తీసి చూశారు. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్నారని ఆమె అనుమానం. కూతురు "నా ఫోను మాత్రం బీరువాలో పెడతావు" అని మూతి ముడిచింది. ఇక ప్రశ్నలు: చలిలో పరుగెత్తడం గుండెకు ప్రమాదమా? ఈ వయసులో వీడియో గేమ్ ముందు కూర్చుని ఏడవడం జబ్బా? ఆట మాని పరుగు పట్టుకోవాలా, రెండూ వదిలేయాలా?

సమాధానం:

మీరు అడిగిన ఈ ప్రశ్నల వెనక మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ పొద్దున మీరు దుప్పటి లాగి లేపకపోతే అన్నయ్య బతికి ఉండేవారా అన్నది ఆ ప్రశ్న. దానికి నాకు తెలిసినంత మేరకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలకుండా పరుగు గురించి ఎంత చెప్పినా మీ కాళ్లు బ్యారేజీ దగ్గర ఆగిపోతూనే ఉంటాయి.

గుండెకు రక్తం తీసుకువెళ్లే నాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడం ఒక పూటలో జరిగే పని కాదు. అది పదిహేను, ఇరవై ఏళ్లు చడీచప్పుడు లేకుండా సాగుతుంది. అలా పేరుకున్న పొర ఎప్పుడో చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయినప్పుడు గుండెపోటు వస్తుంది. అలవాటు లేని తీవ్రమైన శ్రమ ఆ చిట్లడానికి కారణం కాగల మాట నిజమే. అయితే ఆ ప్రమాదం శ్రమ చేస్తున్నంతసేపూ, ఆ తర్వాత సుమారు గంటసేపూ ఎక్కువగా ఉంటుంది. పైగా క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారిలో అది చాలా తక్కువ. మీ అన్నయ్య ఏళ్ల తరబడి పరుగెత్తిన మనిషి. ఆ పొద్దున మీతో టీ తాగి, పగలంతా తన పని చూసుకుని, రాత్రి భోంచేసి పడుకున్నారని మీరే రాశారు. ఆ పూట పరుగుకూ ఆ రాత్రి మరణానికీ ముడి వేయడానికి మీ ఉత్తరంలో నాకు ఆధారమేమీ కనబడలేదు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి చెబుతున్న మాట కాదు. ఆధారం ఉండి ఉంటే, వైద్యుణ్ణి అడిగి తేల్చుకోండి అని తప్పుకునేవాణ్ణి.

ఇక మీ గుండె సంగతి. ఇక్కడ మాత్రం మీ భార్య భయం ఉత్త భయం కాదు. తోడబుట్టిన మగవారికి గానీ తండ్రికి గానీ యాభై అయిదేళ్లలోపు గుండెజబ్బు వచ్చిందంటే, దానిని వైద్యులు మీ లెక్కలో కూడా వేస్తారు. మన దక్షిణాసియా వారికి ఈ జబ్బు చాలా దేశాల వారికంటే చిన్న వయసులోనే వస్తుందన్నది కూడా తెలిసిన విషయమే. ఈ రెండింటికి తోడు, పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు ఛాతీ బిగుసుకుపోయిందని మీరు రాస్తున్నారు. అందుచేత ఈ ఉత్తరంలో నేను కచ్చితంగా చెప్పగల మాట ఇదొక్కటే: డాక్టరు చూసే వరకు పరుగు వద్దు. నెమ్మదిగా నడవండి, చాలు. నడుస్తున్నప్పుడు గానీ, ఊరికే కూర్చున్నప్పుడు గానీ ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, అది ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా, చలికో గ్యాసుకో నెపం పెట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గుండె డాక్టరు దగ్గర బీపీ, ఈసీజీ, పరగడుపున చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. అవసరమనుకుంటే గుండెను స్కాన్ చేసి చూసే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయిస్తారు. రక్తంలో లైపోప్రోటీన్-ఏ అనే ఒక రకం కొవ్వు కణం ఎంత ఉందో చూసే పరీక్ష ఒకటి ఉంది; ఆ మోతాదు చాలా వరకు పుట్టుకతో వచ్చే గుణం కాబట్టి జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలునంటారు. అన్నయ్య విషయం చెప్పి, దాని అవసరం ఉందా అని మీరే అడగండి. అన్నీ బాగున్నాయని తేలితే మీకు పరుగెత్తడానికి అనుమతి దొరికినట్టే. ఏదైనా తేడా కనబడితే, అన్నయ్యకు దొరకని వ్యవధి మీకు దొరికిందన్నమాట. ఎటు తేలినా మీకు పనికివచ్చే సమాచారమే కనుక, పండగ వెళ్లాక చూద్దామని వాయిదా వేయకండి.

ఛాతీ బిగుసుకుపోవడానికి గుండె ఒక్కటే కారణం కానక్కర లేదు. చల్లటి పొడిగాలిని గబగబా పీల్చినప్పుడు కొందరికి ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయి; పరుగు ఆపిన అయిదు, పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు ఎక్కువై, గంటలోపు సర్దుకుంటాయి. చిన్నప్పుడు మీకు ఆయాసం ఉండేదా? ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, ఊపిరి ఊదించి చూసే పరీక్షతో అది తేలిపోతుంది, పీల్చే మందులూ ఉన్నాయి. మూడో కారణం భయం. అన్నయ్యతో చివరిసారి పరుగెత్తిన చోటికి, అదే ఋతువులో, అదే చీకట్లో వెళ్లి నిలబడినప్పుడు శరీరం తన లెక్క ప్రకారం ప్రమాదఘంట మోగిస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఊపిరి అందదు. మీరు రాసిన తీరు చూస్తే నాకు మూడోదే అనిపిస్తోంది. కానీ మొదటి రెండూ కాదని పరీక్షల్లో తేలాకనే మూడోది అనుకోవాలి. భయమే కదా అనుకుని గుండెనొప్పిని దాటవేసినవారు తక్కువేమీ కాదు.

ఇప్పుడు చలి. మీ అన్నయ్య కొడుకు నవ్వాడంటే వాడి తప్పు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో విజయవాడలో తెల్లవారుజామున 18, 20 డిగ్రీల మధ్య ఉంటుంది, ఒక్కోసారి ఇంకాస్త దిగుతుంది. పరుగెత్తడానికి అది నిజానికి హాయైన వాతావరణమే. అయితే మే నెలలో 45 డిగ్రీలకు అలవాటు పడిన ఒంటికి ఆ 18 డిగ్రీలే చలి. కాబట్టి మన కోస్తా మనిషి ధనుర్మాసంలో మంకీ క్యాప్ పెట్టుకుంటే నవ్వవలసిన పని కూడా లేదు. చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని బీపీ కొంచెం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు పది నిమిషాలు వడిగా నడిచి ఒళ్లు వెచ్చబడ్డాక పరుగందుకుంటే అది ఇబ్బంది పెట్టదు. బీపీ అదుపులో లేనివారు పక్క మీద నుంచి లేచి నేరుగా పరుగందుకుంటే ఇబ్బందే.

నా దృష్టిలో మన ఊళ్లో చలికాలపు అసలు చిక్కు చలి కాదు, పొగ. చల్లటి రాత్రుల్లో నేలకు దగ్గరగా ఉన్న గాలి పైకి లేవదు. బెంజి సర్కిల్ మీదుగా పోయే లారీల పొగ, వీధి చివర తగలబెట్టిన చెత్త పొగ, టిఫిన్ బండ్ల పొగ అన్నీ మంచుతో కలిసి అక్కడే తిరుగుతుంటాయి. ఎండ తగిలి నేల వేడెక్కితేనే ఆ పొర విడుస్తుంది. ఈ నెలల్లో మనకు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది కనుక, అయిదింటికి లేచి పరుగెత్తడం క్రమశిక్షణ లాగా కనిపించినా, ఊపిరితిత్తులకు అది మంచి వేళ కాదు. ఏడు దాటాక బయలుదేరినవాణ్ణి బద్ధకస్తుడనే అలవాటు మనకుంది. ఈ రెండు నెలలూ ఆ మాట పడితే పోయేదేమీ లేదు.

థర్మల్ దుస్తుల మాట కూడా చెప్పి ఈ సంగతి ముగిస్తాను. టొరంటోలో చెమటను పీల్చి బయటికి పంపే లోపలి పొర, వెచ్చదనానికి మధ్య పొర, గాలి చొరబడని పై పొర వేసుకుంటారు. చేతులకు తొడుగులు, పీల్చే గాలి కాస్త వెచ్చబడేలా ముక్కూనోరూ కప్పే గుడ్డ, మంచుగడ్డ మీద జారని బూట్లు కూడా కావాలి. అక్కడ అవి లేకపోతే వేళ్లు కొంకర్లు పోవడమే కాదు, చర్మం గడ్డకట్టి చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ అదే జత వేసుకుంటే పావుగంటలో ఒళ్లంతా చెమటలో నానిపోతుంది. ఆగి టీ తాగుతున్నప్పుడు ఆ తడే వణికిస్తుంది. మన చలికి పలచని పాలిస్టర్ టీషర్టు, దాని మీద విప్పి నడుముకు కట్టుకోగల పొడుగు చేతుల చొక్కా సరిపోతాయి. నూలు బనియను చెమట పీల్చి ఆరదు కాబట్టి అది వద్దు. మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపిస్తే సరైన బట్టలు వేసుకున్నట్టే. మంచులో తిరిగితే జలుబు చేస్తుందని మీ ఇంట్లో అంటున్నారు కానీ, జలుబు వైరస్ వల్ల వస్తుంది. తడిసిన బట్టలు మార్చుకోకుండా తిరగడం మాత్రం మంచిది కాదు.

డాక్టరు సరేనన్నాక మీ ముందు కొన్ని దారులు ఉంటాయి. దేని లాభం దానికి ఉంది, దేని లోటు దానికి ఉంది.

మళ్లీ బ్యారేజీకే వెళ్లడం ఒక దారి. భయపడిన చోటికి వెళ్లకుండా తప్పించుకు తిరిగిన కొద్దీ ఆ భయం పెరుగుతుంది కనుక, ఎప్పటికైనా ఆ దారిన వెళ్లవలసిందే అని నేను అనుకుంటాను. కానీ మీరు చేసినట్టు, ఒంటరిగా, చీకట్లో, మొదటి రోజే పరుగెత్తాలని వెళితే మళ్లీ వెనక్కి రావడమే అవుతుంది. ప్రతి ఓటమీ భయానికి బలమిస్తుంది. ముందు ఒక ఆదివారం సాయంత్రం మీ ఆవిడతో కలిసి వెళ్లి, పద్మావతి ఘాట్ దగ్గర కాసేపు కూర్చుని రండి. మరొక వారం బ్యారేజీ మీద సగం దూరం నడవండి. 1957లో కట్టిన ఆ బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు; అటూ ఇటూ కలిపి రెండున్నర కిలోమీటర్లకు లోపే. అంత దూరం ఆగకుండా నడవగలిగి, మనసు కుదుటపడ్డాక పరుగు సంగతి చూడవచ్చు. దీనికి నెల పట్టినా, రెండు నెలలు పట్టినా ఫరవాలేదు.

చోటు మార్చడం రెండో దారి. ఏడింటికి, ఎండ వచ్చాక, బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియంలోనో మీ కాలనీ వీధుల్లోనో పరుగెత్తవచ్చు. మీ దుకాణం తీసే వేళ తొమ్మిదిన్నర అని రాశారు కాబట్టి సమయం సరిపోతుంది. భయం లేకుండా శరీరం దారిలో పడడానికి ఇదే సులువైన మార్గం, నా మొగ్గు కూడా దీని వైపే. సాయంత్రం పూట పరుగెత్తమని కొందరు చెబుతారు కానీ, దుకాణం కట్టేసి ఎనిమిదిన్నరకు బయటపడే మనిషికి అది మాటల వరకే. తొమ్మిదింటికి ఆయాసపడేలా పరుగెత్తితే కొందరికి నిద్ర కూడా చెడుతుంది, మీకున్న నిద్ర ఇప్పటికే తక్కువ.

ఇంట్లోనే చేయడం మూడో దారి. బస్కీలు, దండీలు, మేడమెట్లు ఎక్కి దిగడం, తాడాట. కాళ్లూ చేతులూ ఆడిస్తూ చెమట పట్టించే, 2019లో వచ్చిన "రింగ్ ఫిట్ అడ్వెంచర్" వంటి వీడియో గేమ్‌లు కూడా ఉన్నాయి. అన్నయ్య కొడుకును అడిగితే దానికి కావలసిన పరికరం పంపిస్తానంటాడేమో, కానీ బస్కీలకు అంత ఖర్చెందుకు? ఇంట్లో వ్యాయామం వల్ల ఒంటికి లోటేమీ జరగదు, పొగ బెడదా ఉండదు. కాకపోతే మీరు ఇల్లు కదలరు, బ్యారేజీ భయం ఎక్కడిదక్కడే ఉంటుంది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గానీ, అందులో సగం సమయం తీవ్రమైన శ్రమ గానీ చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఆ రెండు రోజులకు బస్కీలు, దండీలు ఎలాగూ ఉంటాయి.

ఎక్కడ మొదలుపెట్టినా, ఏడాదిగా పరుగెత్తని మనిషి పాత వేగాన్ని గుర్తు చేసుకోకూడదు. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు. పక్కన ఎవరైనా ఉంటే వారితో రెండు మాటలు మాట్లాడగలిగేంత వేగం. రెండు వారాలకోసారి పరుగు కాస్త పెంచి నడక కాస్త తగ్గించుకోవచ్చు.

ఇంకో దారి గురించి చెప్పడానికి కొంచెం సంకోచించాను, ఎందుకంటే అది మీ ఒక్కరి గురించే కాదు. మీకు పొద్దున ఏడున్నర అయినప్పుడు టొరంటోలో ముందు రోజు రాత్రి తొమ్మిది అవుతుంది. మీరు బయలుదేరే వేళకే మీ అన్నయ్య కొడుకూ బయలుదేరితే, ఇద్దరూ ఒకేసారి పరుగెత్తి, ఇంటికి చేరాక ఒక్క ఫోన్ చేసుకోవచ్చు. తండ్రి పోయిన పిల్లవాడు, అంత దూరాన, అంత చలిలో, ఒంటరిగా పరుగెత్తుతూ బాబాయికి బట్టలూ ఆటలూ పంపుతున్నాడంటే, అదంతా మీకు సాయం చేయడానికే అనుకుంటున్నారా? మీరు రెండు రోజులు మానేస్తే వాడికి కష్టంగా ఉంటుందన్న బరువు ఇందులో ఉంది. ఆ బరువు మోయగలననుకుంటేనే మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆట దగ్గరకు వస్తాను. స్పిరిట్‌ఫేరర్ 2020లో వచ్చింది, కెనడాలోని మాంట్రియల్‌లో ఒక చిన్న సంస్థ తయారుచేసింది. చావు గురించిన ఆట అయినా అందులో చంపడాలు లేవు. వండడం, ఇల్లు కట్టిపెట్టడం, కావలించుకోవడం, చివరికి సాగనంపడం ఉన్నాయి. అటువంటి ఆట ముందు మీరు ఏడవడం నాకు వింతగా తోచలేదు. నాటకం చూసి ఏడ్చిన మనుషులం, హరికథలో శ్రీరాముడు అడవికి వెళుతుంటే కొంగుతో కళ్లు ఒత్తుకున్న తల్లుల పిల్లలం. తెర మీద బొమ్మ కదిలిందని అదేదో చిన్నపిల్లల వ్యవహారం అయిపోదు. పైగా ఆ ఆటలో మిగిలినవారిలో చాలామంది తమను తలుపు దాకా తీసుకువెళ్లమని అడిగి వెళతారు, అతుల్ మాత్రం చెప్పకుండా పోతాడు. మీ అన్నయ్య పోయినట్టు.

మీరు రాసిన ఇంకొక చిన్న సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఆలిస్ అనే ముసలామె తనను తీసుకువెళ్లమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నా, ఆమెను తలుపు దాకా చేర్చలేక పడవను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నానని రాశారు. చెప్పకుండా వెళ్లినవాడి బాకీని, చెప్పి వెళ్లదలచిన ఆమె దగ్గర వసూలు చేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. ఆ ఆట మిమ్మల్ని తొందరపెట్టదు. కానీ రాత్రి ఒకటిన్నర దాకా కూర్చోవడానికి ఆటపై ఇష్టం కంటే ఇదే పెద్ద కారణమేమో చూసుకోండి. ఆమెను సాగనంపే పూట ఒంటరిగా ఉండకండి.

ఇది జబ్బా అని అడిగారు. వీడియో గేమ్‌ల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమలులో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటి కంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు సాగి బతుకు దెబ్బతింటేనే దానిని జబ్బు అంటారు. మీ లెక్కల పుస్తకాలు సరిగానే ఉన్నాయి, జీతం ఇంటికి వస్తోంది, ఆట మొదలై కొద్ది నెలలే అయింది. మీకు ఆ పేరు సరిపోదు. ఇందులో పాడవుతున్నవి రెండే: మీ నిద్ర, మీ భార్య నమ్మకం. రెండింటికీ కారణం ఆట కాదు, దాన్ని మీరు దాచిపెట్టడం. దాచాలనుకోవడం వల్లే అర్ధరాత్రి అవుతోంది.

మీ భార్య పాస్‌బుక్ తీసి చూశారని నొచ్చుకున్నట్టున్నారు. ఆమె వైపు నుంచి చూడండి. ఆన్‌లైన్ రమ్మీ మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లను ముంచిందో, 2020లో ప్రభుత్వం దానిని ఎందుకు నిషేధించవలసి వచ్చిందో ఆమెకు తెలుసు. నిషేధం తర్వాత కూడా దొంగచాటుగా ఆడి అప్పుల పాలైనవారి కబుర్లు వీధివీధినా ఉన్నాయి. అర్ధరాత్రి చీకట్లో తెర ముందు ఏడుస్తున్న భర్తను చూసిన ఇల్లాలు ముందుగా డబ్బు చూసుకుందంటే ఆమెకు సంసారం నడపడం వచ్చునని అర్థం.

ఆటను పూర్తిగా మానేస్తే ఆమె అనుమానం తీరుతుంది, నిద్ర తిరిగి వస్తుంది. కానీ మీరెందుకు ఏడ్చారో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఇప్పటిలాగే దాచుకుని ఆడితే ఈసారి గొడవ పెద్దదవుతుంది. మూడో పద్ధతి ఆమెను పక్కన కూర్చోబెట్టుకోవడం. ఆ ఆటలో పడవ నడిపే అమ్మాయి వెంట డాఫోడిల్ అనే పిల్లి ఉంటుంది కదా, ఆ పిల్లిని రెండో మనిషి ఆడించవచ్చు. తొమ్మిదిన్నరకు భోజనాలయ్యాక ముప్పావుగంట, ముందు గదిలో, తలుపు తీసి ఉంచి. ఆమెకు ఆట నచ్చకపోవచ్చు. పిల్లిని గోడల కేసి కొట్టి విసుక్కుని లేచిపోవచ్చు. అయినా మీరు రాత్రుళ్లు ఏం చేస్తున్నారో కళ్లారా చూస్తారు. అతుల్ సంగతి చెప్పేటప్పుడు మీ గొంతు పూడుకుపోతే పూడుకుపోనివ్వండి.

మీ అమ్మాయి మాట కూడా కొట్టిపారేయదగినది కాదు. పరీక్షల ముందు ఆమె ఫోను బీరువాలో పెట్టడం సబబే, కానీ అదే ఇంట్లో నాన్న దొంగచాటుగా ఆడుతుంటే ఆ నియమానికి విలువ ఉండదు. నా ఆటకూ వేళ ఉంది, పదిన్నరకు ల్యాప్‌టాప్ కూడా బీరువాలోకే పోతుంది అని మీరు చెప్పగలిగితే ఆమె గొణుగుడు తగ్గుతుంది. పరీక్షలయ్యాక ఆమెతో కలిసి "ఏ షార్ట్ హైక్" ఆడి చూడండి. 2019లో వచ్చిన చిన్న ఆట అది. ఫోన్ సిగ్నల్ కోసం ఒక పక్షిపిల్ల కొండెక్కుతుంది, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. 2012 నాటి "జర్నీ" కూడా రెండు గంటల్లో ముగుస్తుంది. అందులో మాటలే ఉండవు, ఎవరో తెలియని తోటి బాటసారితో కలిసి ఎడారి దాటడమే ఉంటుంది. మీలాగా ఆపవలసిన చోట ఆపలేకపోతున్నవారికి ముగింపు ఉన్న చిన్న ఆటలే మేలు. పంట వేసి, పశువులను మేపి, రేపటికి ఇంకో పని మిగిల్చే పొలం ఆటలు ఎంత హాయిగా ఉన్నా వాటి జోలికి ఇప్పుడు పోకండి. ఇంకొక్క రోజు అనుకుంటూ తెల్లవార్లూ కూర్చోబెడతాయి.

ఆట మాని పరుగు పట్టుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు ఈపాటికి మీకే అర్థమై ఉంటుంది. ఒకదానికొకటి పోటీ కాదు. రెండింటిలోనూ అన్నయ్యే ఉన్నారు. పోటీ ఉన్నది అర్ధరాత్రి మేలుకోవడానికీ పొద్దున లేవడానికీ మధ్యనే, దానికి వేళలు సర్దుకుంటే చాలు. పరుగూ ఆటా రెండూ వదిలేస్తే మాత్రం మీకు ఆయన గురించి దుఃఖపడే చోటు ఇంకేదీ మిగలదని నా భయం.

ఆ దుఃఖం గురించి ఒక మాట. ఏడాది తిరిగి వచ్చే వేళకు, సంవత్సరీకం దగ్గర పడుతుండగా, తగ్గిందనుకున్న బాధ మళ్లీ పైకి రావడం మామూలే. రాబోయే వారాలు మీకు బరువుగా ఉంటాయని ముందే అనుకుని ఉండండి. కొత్త పరుగు లక్ష్యాలేవీ ఆ వారాల్లో పెట్టుకోకండి. భోగి నాటి పొద్దున ఊరంతా మంటలు, వాటిలో పాత టైర్లు కూడా పడతాయి కనుక, ఆ రోజు బయట పరుగు అసలే వద్దు. సంవత్సరీకం అయ్యాక కూడా రోజూ ఇంతే భారంగా ఉండి, పని మీద మనసు నిలవక, బతకడం దేనికి అనిపిస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఆ చివరి ఆలోచన వస్తే మాత్రం సంవత్సరీకం దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ అన్నయ్య పాత రిపోర్టులు ఏమైనా ఉంటే తీసుకువెళ్లండి. ఆయనకు బీపీ, షుగరు ఉండేవా, కొలెస్ట్రాల్ ఎంత ఉండేది అన్నది మీ విషయంలో డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. అవి మీ వదినగారి దగ్గర ఉంటాయి, కాబట్టి ఆమెను అడగవలసి వస్తుంది. ఎందుకు అడుగుతున్నారో దాచకుండా చెప్పండి. దుప్పటి లాగి లేపిన సంగతి ఇన్నాళ్లుగా ఆమెకు చెప్పలేదని రాశారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ చెబితే ఆమె దగ్గర కూడా ఆ రాత్రి గురించి మీకు తెలియని మాటలు కొన్ని ఉండవచ్చు. ఇంకొక విషయం: మీకు పనికివచ్చే లెక్కే టొరంటోలోని అబ్బాయికీ వర్తిస్తుంది. యాభై ఒక్కేళ్లకు తండ్రి పోయిన కొడుకు కాబట్టి, కొలెస్ట్రాల్, బీపీ ఇప్పుడే ఒకసారి చూపించుకోమని వాడికి చెప్పండి. మీ పరీక్షలు అయిన రోజే ఫోన్ చేసి, మీ రిపోర్టు చదివి వినిపించి చెబితే వాడు వింటాడు.